మీరు ఊళ్లో లేనప్పుడు ఆగిపోయేది ఏమిటి? చిన్న పరిశ్రమ యజమానికి ఒక జీడి బట్టీదారు సమాధానం

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు విషయం ఇది. రాజాంలో మీ నాన్నగారు మొదలుపెట్టిన పిండివంటల తయారీ కేంద్రాన్ని మూడేళ్లుగా మీరు చూసుకుంటున్నారు. జంతికలు, చేగోడీలు, మిక్స్చర్ తయారుచేసి చుట్టుపక్కల మండలాల దుకాణాలకు వేస్తున్నారు. పనివాళ్లు 14 మంది. మీరు ఎదురుగా ఉన్నంతసేపు పని సాఫీగా సాగుతుంది గాని, రెండు రోజులు ఊరెళితే సరుకు ఆలస్యమవుతోంది, నూనె వృథా అవుతోంది, మీ ఫోను మోగుతూనే ఉంటోంది. నాయకత్వ లక్షణాలు మీలో లేవేమోనని, వాటికోసం ఏదైనా శిక్షణలో చేరాలా అని అడిగారు.

శిక్షణకు డబ్బు ఖర్చు పెట్టవద్దనే నా సమాధానం. మీరు ఎదురుగా ఉన్నప్పుడు సరుకు సరిగ్గానే వస్తోందంటే మీ వాళ్లకు పని వచ్చు. మీరు లేనప్పుడు ఫలానా మాట ఎవరు చెప్పాలో వాళ్లకు తెలియక చేతులు ఆగుతున్నాయి. ఏ నిర్ణయం ఎవరు తీసుకోవచ్చో, ఎంతవరకు తీసుకోవచ్చో ముందుగా చెప్పండి, దాన్ని కాగితం మీద పెట్టండి, ఆ తర్వాత వాళ్లు తీసుకున్న నిర్ణయానికి మీరు కట్టుబడి ఉండండి. ఈ మూడింటిలో చివరిదే కష్టమైనది. నేను తప్పటడుగు వేసింది కూడా అక్కడే, ఆ సంగతి కింద చెబుతాను.

నేను పలాసలో 22 ఏళ్లుగా జీడి బట్టీ నడుపుతున్నాను. 38 మంది పనిచేస్తారు, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు. మా పని తెలియనివారి కోసం క్లుప్తంగా చెప్పాలంటే, జీడి పిక్కలను ఆవిరిలో ఉడికించి, చల్లార్చి, కోసి, లోపలి పప్పును డ్రయ్యర్‌లో ఆరబెట్టి, పొట్టు తీసి, గుండు (విరగని పప్పు), బద్ద (రెండుగా చీలినది), ముక్కగా ఏరి, గుండ్లను మళ్లీ సైజుల వారీగా వేరుచేస్తాం. 320 అనే గ్రేడు పేరు మీరు వినే ఉంటారు. పౌండుకు 300 నుంచి 320 గుండ్లు తూగే సైజు అది. పిక్క మంచిదైతే 80 కిలోల బస్తాకు 20 కిలోల పైచిలుకు పప్పు దిగుతుంది. గుండుగా రావలసినది బద్దగా విరిగితే బరువు తగ్గదు గాని ధర పడిపోతుంది. కాబట్టి మా లాభనష్టాలు చాలావరకు ఆ విరుగుడు మీదే, అంటే ఎంత పప్పు విరిగిందన్నదాని మీదే ఉంటాయి.

సుమారు పదేళ్ల కిందట బ్యాంకు పని మీద ఒక రోజంతా శ్రీకాకుళంలో ఉండిపోయాను. ఆ రోజు డ్రయ్యర్‌లో వేడి ఎక్కువై పప్పు అతిగా ఆరిపోయింది. అలా ఆరిన పప్పు పొట్టు తీస్తుండగానే చేతుల్లో బద్దలైపోతుంది. పొట్టు తీసే గదిలో అందరికంటే పెద్దావిడ ఉదయం పదకొండు గంటలకే ఆ సంగతి గమనించింది. డ్రయ్యర్ దగ్గరి కుర్రాడికి చెప్పింది. అతడు, "బాబు చెప్పకుండా నేనెలా ఆపుతాను పిన్నీ" అన్నాడు. నాకు ఫోను చేశారు, నేను బ్యాంకు మేనేజరు ఎదుట కూర్చుని ఉండడం వల్ల తీయలేదు. సాయంత్రం ఐదున్నరకు నేను వచ్చేసరికి నాలుగు ట్రేల బండ్ల పప్పు పాడైంది. నేను ఆ కుర్రాడి మీద కేకలు వేశాను. రాత్రి లెక్క చూసుకుంటున్నప్పుడు గాని నాకు తట్టలేదు, తప్పు జరిగిన సంగతి ఆ బట్టీలో ఇద్దరికి ఆరున్నర గంటల ముందే తెలుసని, ఆపే అధికారం మాత్రం వాళ్లిద్దరిలో ఒక్కరికీ లేదని.

మర్నాడు ఒక నియమం పెట్టాను. పొట్టు తీసే గదిలో ఎవరైనా సరే, వరసగా తీసిన వంద పప్పుల్లో పదిహేనుకు మించి విరిగితే, నన్ను గాని మేస్త్రిని గాని అడగకుండా డ్రయ్యర్ ఆపించవచ్చు. అనవసరంగా ఆపించినా ఎవరినీ ఏమీ అనను. జపాన్‌లో టొయోటా కర్మాగారాల్లో లోపం కనిపిస్తే ఏ కార్మికుడైనా తాడు లాగి లైను ఆపించే ఏర్పాటు ఉందని ఆ తర్వాత ఎప్పుడో చదివినప్పుడు, నేనేదో కొత్తగా కనిపెట్టాననుకున్న గర్వం కాస్తా పోయింది. ఆ నియమం పెట్టాక మొదటి ఆరు నెలల్లో తొమ్మిదిసార్లు డ్రయ్యర్ ఆగింది. అందులో మూడుసార్లు ఆపనవసరం లేదు. ఆ మూడుసార్లూ పోయింది తలా ఒక అరగంట.

మీ కేంద్రంలో డ్రయ్యర్‌కు సమానమైనది వేపుడు నూనె. నూనె ఎప్పుడు మార్చాలన్నది ఇప్పుడు మీరు కంటితో చూసి చెబుతున్నారని అనుకుంటున్నాను. మీరు లేనప్పుడు మేస్త్రి భయపడి ముందే పారబోస్తే వృథా. జంకి అలాగే వాడితే సరుకు చేదెక్కుతుంది. దీనికి కొలత ఉంది. నూనె మరిగేకొద్దీ అందులో పెరిగే టోటల్ పోలార్ కాంపౌండ్స్ అనే చెడు పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని ఆహార భద్రతా నిబంధన 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది. దాన్ని కొలిచే చేతి మీటర్లు దొరుకుతాయి. ఆ హద్దు చేరకముందే, మీటరు 22 చూపిస్తే నూనె మార్చే అధికారం మూకుడు దగ్గర నిలబడే మనిషిదేనని, ఆ అంకెను తేదీతో సహా పుస్తకంలో రాయడం మాత్రం తప్పనిసరి అని చెప్పండి. మీ కన్ను చేసే పనిని కొలతకు అప్పగించగలిగిన ప్రతిచోటా మీరు ఊరెళ్లడానికి ఒక అడ్డంకి తొలగినట్టే.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్న విషయానికి వస్తాను. ఒక వారం రోజులు జేబులో చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, మిమ్మల్ని ఎవరు ఏమి అడిగినా ఒక్క ముక్కలో రాసుకోండి. జవాబు మామూలుగానే ఇవ్వండి, ఏమీ మార్చకండి. నేను ఆ పని చేసినప్పుడు ఆరు రోజుల్లో 61 ప్రశ్నలు వచ్చాయి. "ఏటి చేయమంటారు బాబూ?" అనే మాటను రోజుకు పదిసార్లు వింటున్నానని అప్పటివరకు నాకు తెలియదు. వాటిలో 40 దాకా తిరిగి తిరిగి అవే అయిదారు విషయాలు: ఖాళీ టిన్నులు ఎన్ని తెప్పించాలి, ఫలానా మనిషి రాలేదు ఎవరిని వేయాలి, కరెంటు పోయింది జనరేటరు వేయాలా, లారీవాడు అదనంగా అడుగుతున్నాడు ఇవ్వాలా. ఇవేవీ యజమాని బుర్ర అవసరమైన ప్రశ్నలు కావు. నేనే వాటిని నా దగ్గర అట్టిపెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే, అందరూ నన్ను అడగడం నాకు ఇష్టంగా కూడా ఉండేది.

ఆ జాబితాను ముందు పెట్టుకుని ప్రతి ప్రశ్నకూ ఎదురుగా ఒక పేరు, ఒక హద్దు రాయండి. హద్దు వీలైనంతవరకు రూపాయల్లోనో, గంటల్లోనో, కిలోల్లోనో ఉండాలి. "నీకు తోచినట్టు చెయ్యి" అంటే మీరు అధికారం ఇచ్చినట్టు మీకు అనిపిస్తుంది గాని, వినేవాడికి మాత్రం అది ఉచ్చులా కనిపిస్తుంది. "మరమ్మతుకు 3,000 రూపాయల వరకు నన్ను అడగక్కరలేదు, చేయించి చీటీ పెట్టు" అన్న మాటలో సందేహానికి చోటు లేదు.

నేను తప్పటడుగు వేసింది ఇక్కడే. మా మేస్త్రికి ఆ 3,000 రూపాయల హద్దు ఇచ్చిన రెండో నెలలో అతడు మోటారుకు ఒక చవక బేరింగు వేయించాడు. అది పదిరోజుల్లో పోయి, పూట పని ఆగింది. నేను పదిమంది ఎదుట, "నన్ను ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది కదా" అన్నాను. కేకలు కూడా వేయలేదు, అంతే అన్నాను. ఆ తర్వాత మూడు నెలలపాటు అతడు ఇరవై రూపాయల నట్టుకు కూడా నన్ను అడిగే కొన్నాడు. అతడొక్కడే అయితే సరిపోయేది. అక్కడ నిలబడి విన్న పదిమందీ అదే పాఠం నేర్చుకున్నారు. చివరికి ఒక ఉదయం అందరి ముందే, "హద్దు నేనే ఇచ్చాను, ఆ హద్దులోనే నువ్వు చేశావు, ఆ మాట నేను అనకూడదు" అని ఒప్పుకోవలసి వచ్చింది. బేరింగు ఏ కంపెనీది వేయాలన్న సంగతి ఆ తర్వాత గదిలో కూర్చుని మాట్లాడుకున్నాం. మీ మేస్త్రి మీ కంటే పెద్దవాడై, చిన్నప్పటి నుంచి మిమ్మల్ని "చినబాబూ" అని పిలిచినవాడైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అటువంటి మనిషి మాట పడితే ఎదురు చెప్పడు, ఊరికే వెనక్కి తగ్గుతాడు.

అన్నీ అప్పగించమని నా ఉద్దేశం కాదు. పిక్కల కొనుగోలు ఈనాటికీ నా చేతిలోనే ఉంది, ఎందుకంటే వేసవిలో పంట వచ్చిన కొద్ది వారాల్లో కొన్న సరుకును నెలల తరబడి ఆడించాలి. అక్కడ ఒక తప్పు జరిగితే ఏడాదంతా మోయాలి. కొత్త దుకాణానికి అరువు ఇవ్వడం, మనిషిని పనిలోంచి తీసేయడం కూడా అటువంటివే. వెనక్కి తిప్పుకోగలిగిన నిర్ణయాలను ఇవ్వండి, తిప్పుకోలేనివి ఉంచుకోండి. బాయిలరు, గ్యాసు, విద్యుత్తు వంటి ప్రమాదం ఉన్న చోట మాత్రం లెక్క వేరు. ఆపే అధికారం అందరిదీ, తిరిగి మొదలుపెట్టే అధికారం ఒక్కరిది.

అరువు మాట వచ్చింది కనుక ఒక సంగతి. చిన్న పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు మీరు చేయించుకోకపోతే వెంటనే చేయించుకోండి. ప్రభుత్వ పోర్టల్‌లో అది ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు, దళారికి రూపాయి ఇవ్వక్కరలేదు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) అభివృద్ధి చట్టం ప్రకారం, మీలాంటి సూక్ష్మ, చిన్న తయారీదారు నుంచి సరుకు తీసుకున్నవారు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలవారీ చక్రవడ్డీ. పెద్ద కొనుగోలుదారుతో మాట్లాడేటప్పుడు ఇది పనికొస్తుంది. సంత దారిలోని చిన్న కిరాణా కొట్టు దగ్గర చట్టం మాట ఎత్తితే కొట్టూ పోతుంది, బాకీ కూడా పోతుంది. అక్కడ పనిచేసేది ఒక్కటే: పాత బిల్లు తీరనిదే కొత్త సరుకు దించకూడదన్న నియమం మీ ఆటో డ్రైవరుకు తెలిసి ఉండడం, ఆ కొట్టాయన మీకు ఫోను చేసి బతిమాలినప్పుడు మీరు, "డ్రైవరు చెప్పిందే మా మాట" అనగలగడం.

ఉదయం పని మొదలయ్యే ముందు పది నిమిషాలు అందరితో నిలబడి మాట్లాడడం నేను మానని అలవాటు. నిన్న ఏమైంది, ఈరోజు ఏమి చేయాలి, ఎక్కడ అడ్డం పడేలా ఉంది అన్న మూడు విషయాలకు మించి మాట్లాడం. తిట్లు అక్కడ నిషిద్ధం. వెనక గోడకున్న నల్లబల్ల మీద రెండే అంకెలు ఉంటాయి: నిన్న బస్తాకు దిగిన పప్పు, నిన్నటి విరుగుడు. మొదట్లో ఉత్సాహం కొద్దీ ఏడు అంకెలు రాయించాను, ఎవరూ చూసేవారు కారు. మీరైతే 100 కిలోల సరుకుకు పట్టిన నూనె, దుకాణాల నుంచి తిరిగి వచ్చిన ప్యాకెట్లు, ఈ రెండూ రాయించండి. అంకె రాసేది మీరు కాకూడదు. మాకు రాసేది ఏరే విభాగంలోని ఒక అమ్మాయి. తప్పు అంకె రాస్తే ఆ గదిలో పనిచేసేవాళ్లే, "నిన్న అంత విరగలేదే అమ్మా" అని సరిదిద్దుతారు.

సీసీ కెమెరాల గురించి కూడా అడిగారు. దొంగతనం భయం ఉంటే గోదాము తలుపు దగ్గర ఒకటి పెట్టుకోండి. పని చూడడానికి వద్దు. నేను ఆరు కెమెరాలు పెట్టించి, మేనకోడలి పెళ్లిలో పీటల దగ్గర కూర్చుని ఫోనులో బట్టీని చూస్తూ, "ఆ మూల ఇద్దరు కబుర్లు చెప్పుకుంటున్నారు" అని మేస్త్రికి ఫోను చేసిన మనిషిని. ఊరెళ్లినా ఊళ్లోనే ఉన్నట్టయింది, పైగా మేస్త్రి మాటకున్న విలువ తగ్గింది. వాటిలో నాలుగు తీసేశాను.

కూలి విషయంలో ఒక్కటే చెబుతాను, అది చాలా ముఖ్యం. మా దగ్గర శనివారం సాయంత్రం ఐదింటికి కూలి. ఐదున్నరకు కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా ప్రాంతం దగ్గరే తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి, కరెంటు చాలా రోజులు లేదు, మా బట్టీ రేకులు కొన్ని ఎగిరిపోయాయి. అది గురువారం. శనివారం ఐదింటికి, బట్టీ నడవకపోయినా, అంతవరకు చేసిన పనికి కూలీ లెక్క కట్టి, ఇంట్లో ఉన్న నగదు తీసి ఇచ్చాను. రాలేనివారికి వాళ్ల వాడకు వెళ్లి ఇచ్చి వచ్చాం. అది దానధర్మం కాదు, వాళ్లకు రావలసిన డబ్బే. కానీ బట్టీ తిరిగి మొదలైన రోజున నేను కబురు పెట్టకముందే 31 మంది వచ్చారు. అప్పటి నుంచి ఆరు వారాల కూలీకి సరిపడా సొమ్మును వ్యాపార ఖాతాకు దూరంగా వేరే ఖాతాలో ఉంచుతున్నాను, పిక్కలు ఎంత చవకగా వస్తున్నా దాన్ని ముట్టను. మీకు 14 మంది ఉన్నారు కాబట్టి పనివాళ్ల వైద్య బీమా అయిన ఈఎస్‌ఐ సంగతి కూడా మీ ఆడిటరును అడగండి. పది మంది గాని అంతకు మించి గాని పనిచేసే చోట నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవాళ్లకు అది వర్తిస్తుంది, యజమాని వాటా 3.25 శాతం, పనివాడి వాటా 0.75 శాతం. మూకుడు దగ్గర పనిచేసేవాళ్లున్న చోట దీన్ని వాయిదా వేయకూడదు.

సెలవుల విషయం త్వరగా ముగిస్తాను. సంక్రాంతికి మీకు గిరాకీ, వాళ్లకు పండగ. విజయనగరంలో సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారమే, ఆ వేళకు మీకు దీపావళి ఆర్డర్లు మొదలవుతాయి. ఎవరు ఏ పండగకు ఉంటారో, ఎవరు ఏ పండగకు వెళతారో రెండు నెలల ముందే వాళ్లలో వాళ్లనే తేల్చుకోమనండి. మీరు తేలిస్తే పక్షపాతం అంటారు.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన విషయానికి వస్తాను. మీ నాన్నగారు ఇప్పటికీ రోజూ ఉదయం వచ్చి గంటసేపు కూర్చుంటారని, పనివాళ్లు ఏదైనా మీరు కాదంటే ఆయన దగ్గరికి వెళతారని రాశారు. నా ఉద్దేశంలో మీ సమస్యలో సగం ఇక్కడే ఉంది. మీ మేస్త్రి మీరు లేనప్పుడు నిర్ణయం తీసుకోకపోవడానికి, తాను తీసుకున్నది రేపు ఉదయం పెద్దాయన తిప్పేస్తారేమోనన్న జంకు కూడా కారణం కావచ్చు. మా ఇంట్లో ఇది అన్నయ్యతో జరిగింది. నేను సెలవు ఇవ్వనన్న మనిషికి అన్నయ్య ఇచ్చేవాడు, నేను ఆపిన అడ్వాన్సు ఆయన చేతి మీదుగా వెళ్లేది. ఏడాదిపాటు లోలోపల ఉడికిపోయాను గాని నోరు తెరిచి చెప్పలేదు. చివరికి ఒక రోజు, "అన్నయ్యా, పిక్క రుచి, పిక్క బరువు నీకు తెలిసినంత నాకు తెలియదు. కొనుగోలుకు నాతో నువ్వే రావాలి. మనుషుల సంగతి మాత్రం నాకు వదిలెయ్యి" అని అడిగాను. ఆయన ఒక పూటంతా మాట్లాడలేదు, మర్నాడు సరే అన్నాడు. మీ నాన్నగారికి కూడా అలా ఒక నిజమైన బాధ్యత ఇవ్వండి. శనగపిండి, నూనె కొనుగోలు గాని, ప్రతి వాయి రుచి చూసి ఒప్పుకోవడం గాని ఆయనకు అప్పగిస్తే అది మర్యాద కోసం ఇచ్చిన కుర్చీలా ఉండదు. సెలవులు, అడ్వాన్సుల కోసం ఎవరైనా వస్తే, "బాబును అడుగు" అన్న ఒక్క మాట మాత్రం ఆయన నోటి నుంచి రావాలి. ఈ మాట ఆయనతో మీరే, ఇంట్లో, ఎవరూ లేనప్పుడు మాట్లాడాలి. మేస్త్రి ద్వారా కబురు పెడితే ఎప్పటికీ సరికాదు.

ఇవన్నీ ఒకేసారి పెట్టుకోకండి. ముందు ఆ నోటుపుస్తకం వారం, తర్వాత నాన్నగారితో మాట, ఆ తర్వాత మూడు నాలుగు హద్దులు. నెల గడిచాక ఒక మంగళవారం గాని బుధవారం గాని చూసుకుని ఒక్క రోజు ఊరెళ్లండి. సోమవారం సరుకు సర్దుకునే హడావిడి, శనివారం కూలి ఉంటాయి కాబట్టి ఆ రెండూ వద్దు. ఉదయం పదింటి నుంచి సాయంత్రం నాలుగింటివరకు ఫోను కట్టేస్తానని ముందే చెప్పి, నిజంగానే కట్టేయండి. తిరిగి రాగానే గల్లాపెట్టె వైపు వెళ్లకుండా, మీరు లేనప్పుడు తీసుకున్న నిర్ణయాల పుస్తకం తెమ్మని అడగండి. అందులో రెండు మూడు తప్పులు కనిపిస్తే కంగారు పడకండి, అవి మర్నాడు గదిలో కూర్చుని మాట్లాడుకోవలసినవి. పుస్తకం ఖాళీగా ఉంటే మాత్రం పని సాఫీగా సాగిందని సంతోషించకండి. ఏ ప్రశ్నలను మీకోసం ఆపి ఉంచారో ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడగండి.